అబద్ధం ముగిసేదాకా

ఈస్టర్ ఉపవాసాల ముందొచ్చే కొవ్వు గురువారం. ఊళ్లో ప్రతి ఇంటి పొయ్యి మీదా పందికొవ్వు సలసలా కాగుతోంది. వలెంటీ మాత్రం పిండిముద్ద ముందు దొంగలా నిలబడ్డాడు.

భార్య హొనోరాతా పోయి నాలుగు నెలలు. ఆమె కొవ్వులో వేయించే ఫవోర్కి అప్పచ్చులు ఒంటినిండా బుడగలతో, పంటికి తగిలీ తగలకముందే పొడిపొడిగా రాలిపోయేవి. ఈ ఏడు ఆ పళ్లెం బల్ల మీదికి రాకపోతే ఆమె రెండోసారి పోయినట్టే అనుకున్నాడాయన. గుడ్డుసొనలు, పుల్లమీగడ, చెంచాడు సారా, అన్నీ గుర్తే. పిండికి గాలి పట్టేలా కర్రతో ఎంతసేపు బాదాలో అదొక్కటే తెలియదు.

ఆమెకి గడియారంతో పనుండేది కాదు. మొగుడు పక్కన కూచుని కోతలు కోస్తుంటే బాదుతూ వినేది. కోత ముదిరి ఇక వినలేక "అబద్ధం!" అని అరిచిందంటే, పిండి సిద్ధమైనట్టే.

మొదటి వాయి చూసి మరదలు టెక్లా ముక్కు విరిచింది. "ఇవి ఫవోర్కియా బావా, గుర్రపు నాడాలా?"

"కథ చాల్లేదే. కూచో, ఇంకోటి చెబుతా."

కొత్త ముద్ద మీద కర్ర పడింది. నది చేప తన బూటు మింగి, మర్నాడు రెండోది కూడా ఇమ్మని వచ్చిన కథ ఎత్తుకున్నాడు. సగంలోనే అది చప్పబడింది. ఊపిరి పీల్చుకుని ఇంకోటి మొదలెట్టాడు.

"పొద్దున మీ అక్క గుడ్లకని కోళ్లగూటికెళ్లింది. పుంజు గడపకడ్డంగా పడుకుంది. 'నిరుడు నా పెళ్లాన్ని సూప్‌లో వేశావుగా, ముందు తప్పయిందను' అంది. మీ అక్క అంటుందా? ఇంకా పోట్లాడుతూనే ఉంది. వచ్చేస్తుంది. పంచదార పొడి తనే చల్లుతానంది."

కర్ర పైకెత్తి ఆగాడు. నలభై ఏళ్లుగా ఆ "అబద్ధం!" పడేది సరిగ్గా అక్కడే.

టెక్లా ఏప్రన్ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆఁ, వస్తుందిలే బావా."

అబద్ధమని అనలేదు. అనకపోతే కథ ముగియదు, కర్ర ఆగదు. దబదబా బాదుతూనే ఉన్నాడు. చెయ్యి పడిపోయేదాకా బాదాడు. చివరికి టెక్లాయే కర్ర లాక్కుంది. అబద్ధానికి అడ్డుచెప్పే మనిషి ఇక లేదని అప్పుడు తెలిసొచ్చింది ముసలాడికి. భూస్థాపన రోజున కూడా ఇంత గట్టిగా తెలియలేదు.

టెక్లాయే పిండి పల్చగా ఒత్తి, ముక్కలు కోసి, నడుమ గాటు పెట్టి, కొస అందులోంచి లాగి కొవ్వులో వేసింది. ఒళ్లంతా బుడగలు పొంగాయి. హొనోరాతా చేతి కింద కూడా అన్ని పొంగలేదు.

పళ్లెం నిండింది. టెక్లా పంచదార పొడి డబ్బా అందుకోబోయింది. వలెంటీ దాన్ని తన వైపు లాక్కుని, మూత మీద అరచెయ్యి అదిమి పెట్టాడు.

"తనే చల్లుతానందిగా," అన్నాడు.