బంతిపూల పందెం

పుట్టి ఇరవై రోజులైనా మనవరాలిని నోరారా పిలిచే భాగ్యం కౌసల్యమ్మకు దక్కలేదు. పేరు లేక కాదు, ఉండబట్టే వచ్చిన చిక్కు. అల్లుడు ధనరాజ్ ఎవరో సంఖ్యాశాస్త్రం ఆయన దగ్గరికి వెళ్లి, అక్షరాలన్నీ కూడించి, తీసివేయించి, 'హృద్వీక్ష' అనే పేరు పట్టుకొచ్చాడు. దాని అర్థమేమిటని అడిగితే ఒకసారి హృదయంతో చూసేది అన్నాడు, ఇంకోసారి ఇంటర్నెట్‌లో ఎవ్వరికీ లేని పేరు అన్నాడు. రెండోదే అసలు అర్థమని కౌసల్యమ్మకు అప్పుడే తెలిసిపోయింది.

ఆమె ఊరు ముడిమ్యాల. బంతితోట మీద బతికిన మనిషి. పేరు మంచిదో కాదో తేల్చడానికి ఆమె దగ్గర ఒక్కటే పరీక్ష ఉండేది. తోటలో ఈ చివర నిలబడి గట్టిగా పిలవాలి, ఆ చివరికి వినపడాలి. 'హృద్వీక్ష'ను తీసుకెళ్లి రెండు పొద్దులు పరీక్షించింది. మొదటి అక్షరంలోనే ఊపిరంతా ఖర్చయిపోయి మిగతావి నోట్లోనే ఉండిపోయాయి. చుట్టాల ముందు ఒకసారి "ఉద్రీచ్చా" అని పిలిచి చూసింది. అందరూ పగలబడి నవ్వారు. ధనరాజ్ బడిపంతులులా వేలు ఆడిస్తూ, "హృ... ద్వీ... క్ష. ఈజీ కదా అత్తమ్మా" అన్నాడు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకంటే సెలవు అయిపోగానే కూతురు అరుణశ్రీ మళ్లీ కంపెనీకి వెళ్తుంది. పాప ముడిమ్యాలలో అమ్మమ్మ దగ్గరే పెరుగుతుంది. పొద్దున లేచింది మొదలు పిలవాల్సింది తనే. తన మనవరాలిని తనే పిలవలేకపోతే ఇక అమ్మమ్మ ఎందుకు?

ఆమె అనుకున్న పేరు వెన్నెల. తోటలో పరీక్ష కూడా నెగ్గింది. గట్టు మీద మేస్తున్న పక్కింటి బర్రె కూడా తలెత్తి చూసింది.

పాపను తొట్టెలో వేసి పేరు పెట్టే తొట్టెల పండుగ మొయినాబాద్‌లో ఒక ఫాంహౌస్‌లో పెట్టుకున్నారు. అప్పట్లో గండిపేట నుంచి చేవెళ్ల దాకా సాఫ్ట్‌వేర్ జీతాలతో ఫాంహౌస్‌లు లేస్తున్న కాలం. ఉన్నవాళ్లు కొన్నారు, ధనరాజ్ లాంటివాళ్లు ఒక్క రోజుకు కిరాయికి తీసుకున్నారు. పొద్దున్నే డెకరేషన్ శివయ్య థర్మకోల్ అట్టలు, కత్తి పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పేరు జెప్పుండ్రి సార్, అక్షరాలు కోస్త."

"హృద్వీక్ష," అన్నాడు ధనరాజ్.

"వెన్నెల," అంది కౌసల్యమ్మ.

శివయ్య కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. లోపలి నుంచి అరుణశ్రీ పాపను భుజాన వేసుకుని వచ్చింది. "మీ ఇద్దరి నడుమ నేను సస్తున్న. రెండు పేర్లూ మంచియే అని ఇద్దరికీ జెప్పిన, ఇంక నా తోని కాదు. శివయ్యన్న అక్షరాలు ఎప్పుడు కొయ్యాలె, ఎప్పుడు అతికియ్యాలె? మీరే తేల్చుకోండి," అని తలుపు వేసుకుంది.

బల్ల మీద పేకముక్కలున్నాయి. ముందు రోజు సాయంత్రం ధనరాజ్ తన బావమరిది నర్సింహకు పోకర్ నేర్పించి, ఓడించి, అమెరికాలో ఆన్‌సైట్‌కు వెళ్లినప్పుడు నేర్చుకున్నానని, ఆఫీసులో తనను కొట్టేవాడు లేడని అరగంట చెప్పాడు. కౌసల్యమ్మ ఆ ముక్కల వైపు చూసింది. భర్త అంజిలయ్య ఉన్నప్పుడు, ముసురు పట్టి పూలు తెంపే పని లేని రోజుల్లో, ఇద్దరూ చింతగింజలు పెట్టి మూడు ముక్కలాట ఆడేవారు. ఆయన ఓడిపోయినప్పుడల్లా ముక్కలు సరిగా కలపలేదని తగాదా పెట్టుకునేవాడు.

"అల్లుడా, పత్తాల తోటి తేల్చుకుందామా? నువ్వు గెలిస్తె నీ పేరు. నేను గెలిస్తె వెన్నెల."

ధనరాజ్ పకపకా నవ్వాడు. "కానీ నా ఆటనే ఆడాలె అత్తమ్మా. తర్వాత తొండి అనొద్దు."

"నీ ఆటనే. ఎట్లనో చెప్పు."

పందానికి ఏం పెట్టాలి? తొట్టెకు కట్టడానికి తోట నుంచి ఆమే తెచ్చిన బంతిపూల గంప అక్కడే ఉంది. ఇద్దరి ముందూ సమానంగా కుప్పలు పోశారు. నర్సింహ ముక్కలు పంచడానికి కూర్చున్నాడు. ధనరాజ్ చేతులు తిప్పుతూ పాఠం మొదలుపెట్టాడు.

"ఒక్కొక్కరికి రెండే ముక్కలు, ఎవరియి వాళ్లే చూసుకోవాలె. నడుమల ఐదు ముక్కలు తెరుస్తరు, అవి ఇద్దరియి. ముందుగాల మూడు, తర్వాత ఒకటి, మళ్ల ఒకటి. తెరిచినప్పుడల్లా పందెం. ఏం పెట్టకుండా ఊకుండొచ్చు, అది చెక్. ఎదుటోడు పెడితె అంత పెట్టాలె, అది కాల్. ఇంక పెంచొచ్చు, అది రెయిజ్. భయమైతె ముక్కలు పారేయాలె, అది ఫోల్డ్. ఆ రెండు, ఈ ఐదు కలిపి ఏడింట్ల మంచి ఐదు ఏరుకొని ఎవరియి పెద్దగైతె వాళ్లు గెలిచినట్టు. ఇగ ఏది పెద్దదంటే..."

"ఒకే గుర్తుయి వస్తె కలర్, వరుసగా వస్తె సీక్వెన్స్, జత, అవన్ని నాకెరుకనే. మూడు ముక్కలాట ఆడిన దాన్ని. కొత్తయి ఏమన్నుంటె చెప్పు."

ధనరాజ్‌కూ తొందరగానే ఉంది. కొత్తవి చెప్పాడు. రెండు జతలు. నాలుగు ఒకే రకం. మూడు ఒక రకం, రెండు ఇంకో రకం కలిస్తే ఫుల్ హౌస్, అది చాలా పెద్దది. మిగతావి ఆమెకు తెలుసన్నది కదా అని వదిలేశాడు. ఆఫీసులో ఏ ప్రాజెక్టూ అలా వదిలేసేవాడు కాదు పాపం.

ఆట మొదలైంది. కౌసల్యమ్మ కుప్ప తరుగుతూ వచ్చింది. ఒక ఆటలో ధనరాజ్ గుప్పెడు పూలు నెట్టేసరికి ఆమె బెదిరి ముక్కలు పారేసింది. "నీ దగ్గర ఏమున్నయో చూపియ్యి," అని అడిగింది. ధనరాజ్ తన ముక్కల్ని కట్టలో కలిపేశాడు.

"పూలు పెట్టినోళ్లకే చూపిస్తరు. పెట్టకపోతె చూపియ్య. రూల్ అత్తమ్మా."

చూడలేకపోయినందుకు ఆమెకు ఒళ్లు మండింది. అంజిలయ్య అయితే ఓడినా గెలిచినా అన్నీ చూపించి పోట్లాడేవాడు. కొట్లాట లేని ఆట కూడా ఒక ఆటేనా అనుకుంది. ఆ పిలవలేని పేరు మెల్లగా తన నెత్తిన కూర్చుంటున్నట్టు అనిపించింది. గుమ్మంలోంచి శివయ్య గడియారం చూసుకుంటున్నాడు.

మళ్లీ ముక్కలు పడ్డాయి. ఆమెకు ఆఠీన్ ఎనిమిది, డైమన్ తొమ్మిది. నడుమ మూడు తెరిచాడు నర్సింహ. ఇస్పేట్ ఏడు, ఇస్పేట్ పది, డైమన్ నాలుగు. ఆమె కాళ్లు బల్ల కింద ఆడటం మొదలుపెట్టాయి. ధనరాజ్ పెట్టినంత తనూ పెట్టింది. నాలుగోది కళావర్ జాకీ. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, జాకీ. సీక్వెన్స్ పూర్తయింది! మళ్లీ పెట్టింది. అయిదోది ఇస్పేట్ నాలుగు.

ఇప్పుడు నడుమ ఇస్పేట్లు మూడు. ధనరాజ్ కళ్లలో మెరుపు చూసి కౌసల్యమ్మ కనిపెట్టేసింది. అతని చేతిలో రెండూ ఇస్పేట్లే, కలర్ అయింది. కానీయ్ బిడ్డా కానీయ్ అనుకుంది మనసులో. కలర్ ఎంత, సీక్వెన్స్ ముందర? అంజిలయ్య కలర్లను ఆమె సీక్వెన్స్‌లు ఎన్నిసార్లు మింగలేదు?

ధనరాజ్ పెద్ద గుప్పెడు నెట్టాడు. కౌసల్యమ్మ లెక్క చూడలేదు. రెండు చేతులతో కుప్ప మొత్తం ఊడ్చి నడుమకు తోసింది. ఒడిలో పడ్డ ఒక పువ్వును కూడా ఏరి పెట్టింది.

"ఆల్ ఇన్ అంటరు దీన్ని," అన్నాడు నర్సింహ నోరు తెరిచి.

ధనరాజ్ ఆమె ముఖంలోకి చూశాడు. భయం లేదు, బింకం లేదు. పొద్దున పూల లెక్క అప్పజెప్పే మనిషి ముఖంలా నిబ్బరంగా ఉంది. ఇస్పేట్లు మూడు కనిపిస్తున్నా కనురెప్ప కొట్టలేదంటే ఏమిటి అర్థం? నడుమ నాలుగులు రెండున్నాయి. ఫుల్ హౌస్! ఈమె అబద్ధమాడే మనిషి కాదు, ఆడితే ముఖంలోనే తెలిసిపోతుంది. అతను చాలాసేపు ఆలోచించి, చెమట తుడుచుకుని, తన ముక్కలు పారేశాడు.

"సరే, మీదే. ఏమున్నయి అత్తమ్మా? ఒక్కసారి చూపియ్యండి."

కౌసల్యమ్మ చూపించాలనే అనుకుంది. అంతలో యాదికొచ్చి ముక్కల్ని కట్టలో కలిపేసింది. "పూలు పెట్టకపోతె చూపియ్య. నీ రూలే గద."

ధనరాజ్ కుప్పలో మిగిలినవి తర్వాత రెండు ఆటల్లోనే ఊడ్చుకుపోయాయి. శివయ్య కోయడానికి సులువైన అక్షరాలు కదా అని ఆనందంగా కోసి, బంతిపూల నడుమ అతికించాడు. తొట్టెలో పాప చెవిలో పేరు చెప్పే వేళ కౌసల్యమ్మ గొంతు బయట కార్లు పెట్టేవాళ్లకు కూడా వినపడింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ధనరాజ్ ఆమె పక్కనే కూర్చున్నాడు. మటన్ ముద్ద దిగడం లేదతనికి. "నిజం జెప్పండి. ఫుల్ హౌసే కదా? నేను కలర్ పారేసిన. ఆసు, రాజు తోటి."

"కలరేనా?" అని నవ్వి, తన గొప్ప చెప్పుకోబోయింది కౌసల్యమ్మ.

"అట్ల నవ్వకండి. మీకు సీక్వెన్స్ ఉన్నా గూడ నేనే గెలుస్తుంటి. ఈ ఆటల సీక్వెన్స్ కంటె కలరే పెద్దది."

ఆమెకు పొలమారింది. నర్సింహ నీళ్లిచ్చాడు. నీళ్లు తాగుతూనే తొట్టె వైపు చూసింది. అక్షరాలకు జిగురు ఆరిపోయింది. తను ఓడిపోయే ఆటలో గెలిచిందన్నమాట! లోపల ఎక్కడో నవ్వు పుట్టి పైకి రాబోయింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమున్నయి మరి?"

"యాదికి లేదు బిడ్డా. బొక్క తిను, చల్లారుతది."

యాదికి లేని ముచ్చట మూడేళ్లు యాదికి రాలేదు. ధనరాజ్ ఆదివారాలు అరుణశ్రీతో ముడిమ్యాల వచ్చినప్పుడల్లా అడిగేవాడు. అడిగి అడిగి, ఒక ముసురు పట్టిన రోజు, "మీ ఆటన్నా నేర్పియ్యండి," అని ఎదురుగా కూర్చున్నాడు. కౌసల్యమ్మ సంబరంగా చింతగింజలు పోసి మూడేసి ముక్కలు పంచింది. ఆటలో పడితే ఆమెకు ఒళ్లు తెలియదు.

"గిట్ల ఇను. జత మీద కలర్ పెద్దది. కలర్ మీద సీక్వెన్స్ పెద్దది. సీక్వెన్స్ మీద..."

ధనరాజ్ చేతిలో ముక్కలు అలాగే ఆగిపోయాయి. అతను తలెత్తి అత్తను చూశాడు. ఆమె నాలుక కరుచుకుంది.

"అత్తమ్మా... ఆ రోజు మీ దగ్గర ఉన్నది..."

కౌసల్యమ్మ అతనికి మాట సాగనివ్వలేదు. వాకిలి వైపు తిరిగి, తోట అవతలి చివరిదాకా వినపడేలా గొంతెత్తింది.

"ఓ వెన్నెలా... మీ డాడీకి చాయ్ వెట్టుమని అమ్మకు చెప్పు బిడ్డా!"

"ఆఁ అమ్మమ్మా!" అని ఇంటి వెనక నుంచి వెంటనే జవాబొచ్చింది.