‘మిషన్ ఒప్పుకోలేదు’ అన్నవాళ్ళకు

అబద్ధాలకోరులు మీరు. పథకం రాసిన పెద్దలూ, దాన్ని ఊళ్ళోకి మోసుకొచ్చిన చిన్నవాళ్ళూ, అందరూ. పేదదాని చేతిలో పడాల్సిన డబ్బు పడనప్పుడల్లా మీ నోట ఒకటే మాట: "మిషన్ ఒప్పుకోలేదు." ఒప్పుకోవడానికీ కాదనడానికీ నేనెవర్ని? నేను ఒక వేలిముద్ర మిషన్ని. అరచేతిలో పట్టేంత నల్లపెట్టె, దాని నెత్తిన గాజు బిళ్ళ, వేలు తగిలితే ఎర్రగానో పచ్చగానో వెలిగే దీపం. అంతే నేను. నోరు లేనిదని తప్పంతా నా మీదికి తోశారు. ఇవాళ నా మాట వినండి.

నన్ను తయారుచేసిన చోట అమ్మాయిలు చేతులకు తొడుగులు వేసుకుని పనిచేసేవారు. గాజు మీద వాళ్ళ వేలి మరక పడకూడదట. వేళ్ళు చూడటానికే పుట్టినదాన్ని, నన్ను చేసిన వేళ్ళనే చూడలేదు. పరీక్షకు ఆఫీసు బాబులు వచ్చి బొటనవేళ్ళు పెట్టారు. కాగితం కంటే బరువైనది ఎత్తని మెత్తటి వేళ్ళు. అన్నింటికీ పచ్చదీపం వెలిగింది. బ్రహ్మాండం అన్నారు, అమ్మేశారు. సున్నం పిసికిన వేలొకటి, పార పట్టిన వేలొకటి తెచ్చి చూద్దామని ఒక్కడికీ తోచలేదు.

మొదట టౌన్‌లో ఒక ఆఫీసులో హాజరు తీసుకున్నాను. పొద్దున వేలు పెట్టి టీకి పోయేవారు, సాయంత్రం వేలు పెట్టి ఇంటికి పోయేవారు. మధ్యలో ఏం చేశారని నన్నెవరూ అడగలేదు. అక్కడికి కొత్త మిషన్ రాగానే నన్ను చవగ్గా వదిలించుకున్నారు. శ్రీకాకుళం జిల్లా జీడితోటల్లో ఉన్న మెట్టవలస నుంచి ఢిల్లేశ్వరరావు అనే కుర్రవాడు వచ్చి కొనుక్కున్నాడు. ఊళ్ళో అందరూ వాణ్ణి ఢిల్లీ అంటారు. సర్కారు ఇంటికో ఆడమనిషికి నెలనెలా నేరుగా పంపే సాయాన్ని, బ్యాంకు తరఫున వేలిముద్ర తీసుకుని చేతికివ్వడం వాడి పని.

నేరుగా అన్నారు కదా. మరి ఢిల్లీ నన్ను ఎక్కడ పెట్టాడు? ఊరి సావుకారు కూర్మారావు జీడిపిక్కల బట్టీ అరుగు మీద. కరెంటు ఉంది, నీడ ఉంది, అద్దె లేదు. తూకంలో గుప్పెడు పిక్కలు వదలని మనిషి అరుగు ఊరికే ఎందుకిస్తాడు? నాకు ఆ రోజే అనుమానం తగిలింది.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది పిక్కలు కొడతారు. కాల్చిన జీడిపిక్కను చెక్కసుత్తితో కొడితే పప్పుతోపాటు నల్లటి రసం చిమ్ముతుంది. పడిన చోట తోలు ఊడుతుంది. బూడిద రాసుకుంటారు, ఆముదం పూసుకుంటారు, అయినా వేలి గీతలన్నీ తినేస్తుంది. ఆ వేళ్ళు నా మీద పెడితే నాకేం కనిపిస్తుంది? నున్నటి తోలు. ఎర్రదీపం.

దానికి వాళ్ళే ఒక దారి వెతుక్కున్నారు. సాయం రోజు దగ్గరపడుతుంటే పని మానేసి, ఆముదం పట్టించి, గుడ్డ చుట్టుకుని, కొత్త తోలు వచ్చేదాకా ఇంట్లో కూర్చుంటారు. వేలు పండబెట్టడం అంటారు దాన్ని. కూలి చాలని వాళ్ళకిచ్చే సాయం అందుకోవాలంటే కూలి మానుకోవాలన్నమాట. ఈ తెలివి ఏ కుర్చీలో కూర్చుని పుట్టిందో వచ్చి చెప్పండి, నేనూ చూస్తాను.

వాళ్ళలో గున్నమ్మ వేళ్ళు ఎంత పండబెట్టినా గీత రాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ సుత్తి పట్టిన చేతులు. ఇంట్లో ఏ ఆడమనిషి పేరైనా పెట్టుకోవచ్చన్నారు గనుక వయసు నిండిన కూతురు హేమ పేరు పెట్టించింది. హేమ వేలికి పచ్చదీపం వెలిగింది. మొగుడు తవిటయ్యకు నమ్మకం కుదరలేదు. అరుగు మీదే గొణిగాడు.

"ఊరికే ఎవుడిత్తాడే డబ్బు? ఇయ్యాల ఏలు అడిగినోడు రేపు ఇల్లు అడగడా?"

"మన ఇల్లు సూసినోడు ఎదురు డబ్బిచ్చి ఎల్తాడు, నడు," అంది గున్నమ్మ.

ఆ డబ్బు ఏం చేసిందో చెబుతాను. గున్నమ్మ సావుకారు కొట్లో అరువు బియ్యం మానేసి సంతలో నాలుగు రకాలు నోట్లో వేసుకుని చూసి, నచ్చినవి కొనుక్కుంది. ఇంటికప్పు మీద కొత్త తాటాకు వేయించింది. అన్నిటికంటే పెద్దది, ఆ ఏడు కూర్మారావు దగ్గర ముందుసొమ్ము తీసుకోలేదు, తనూ సుత్తి పక్కన పెట్టింది. ముందుసొమ్ము తీసుకున్న ఇంటి నుంచి ఒక చెయ్యి బట్టీకి రావాలి; అది అక్కడి వాడుక. తల్లి చెయ్యి అలిసిపోతే కూతురి చెయ్యి. గున్నమ్మ మాత్రం హేమను కుట్టుపనికి పంపింది. నీ కూతురు రాదేమని కూర్మారావు అడిగితే ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది.

"గుంట సెయ్యి బట్టీలో ఎడితే మిషనెర్రబడతాది బావూ. నానేటి సేసీది?"

నన్ను అడ్డం పెట్టుకుని మనుషులు చాలా మాటలు చెప్పారు. నాకు నచ్చింది ఇదొక్కటే.

కూర్మారావు నవ్వి ఊరుకున్నాడు. ఊరుకునే సావుకారును నేను నమ్మను. దీపావళికి పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు గున్నమ్మను పిలిచాడు.

"గుంటని పంపవే. కొట్టడం కాదు, పొట్టు తియ్యడమే. ఆరిన పప్పుకి పొట్టు తీస్తే ఏలుకేటవుద్ది? కూలి మాత్రం బాగా ఇస్తాను."

అది నిజమే, పొట్టు తీసే చోట రసం అంటదు. కుట్టుమిషన్ కొనుక్కుంటానని హేమ బతిమాలింది. గున్నమ్మ సరేనంది.

అక్కడే పొరబడింది. సాయం రోజు దగ్గరపడేసరికి కొట్టేవాళ్ళంతా వేలు పండబెట్టుకుంటూ ఇళ్ళలో కూర్చున్నారు. బట్టీలో మిగిలింది పొట్టు తీసే పిల్లలే. ఊళ్ళో ఏళ్ళ తరబడి పిక్కలు కొట్టిన గున్నమ్మకు ఆ సంగతి తట్టలేదు, కూర్మారావుకు తట్టింది. లారీ వచ్చి గుమ్మంలో నిలబడగానే పిల్లల చేతుల్లో సుత్తులు పెట్టాడు.

సాయం రోజున హేమ వేలు నా మీద పెట్టింది. కొస పొక్కి, నల్లబడి, తోలు లేచి ఉంది. ఎర్రదీపం. పైటకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఎర్రదీపం.

"మిషన్ ఒప్పుకోలేదత్తా," అన్నాడు ఢిల్లీ.

లోపల్నుంచి కూర్మారావు వచ్చాడు. నోట్లు అప్పటికే చేతిలో ఉన్నాయి.

"అయ్యో, ఇలగైందేటి గున్నమ్మా! పోన్లే, ముందుసొమ్ము పట్టుకెళ్ళు. నువ్వూ గుంటా రేపట్నుంచి పన్లోకి వచ్చీండి."

అరుగుకు అద్దె ఎందుకు లేదో నాకప్పుడు తెలిసింది.

గున్నమ్మ ఆ నోట్ల వైపు చూడలేదు. ఢిల్లీ వైపు తిరిగింది.

"ఒరే ఢిల్లీ, సావుకారి ముసలి తల్లిగారు మంచం దిగుతన్నారేట్రా?"

"ఇప్పుడా మాటెందుకత్తా?"

"ఆవిడికీ సాయం అందుతంది కదా. ఆవిడ ఏలు ఈ గాజు మీద ఎప్పుడెట్టిందిరా? నువ్వే మంచం కాడికెల్లి సేతిలో ఎట్టినావు. వాకిట్లో పిక్కలు ఆరబోస్తూ నాను సూడనేదా?"

ఢిల్లీ నా గాజు తుడవడం మొదలుపెట్టాడు. "ఏలు పడనోళ్ళకి ఇద్దరు సాచ్చికం ఉంటే ఇవ్వొచ్చత్తా. పైనుంచే అలగ సెప్పినారు."

వెనకనుంచి ఒక ముసలమ్మ గుడ్డ చుట్టిన చెయ్యి పైకెత్తింది.

"మరి మాకు సెప్పనేదేట్రా దిక్కుమాలినోడా? ఏలికి ఆముదం పోసుకుంటా కూలంతా పోగొట్టుకున్నాను కదరా!"

"మీరు అడగనేదు కదా."

"ఇప్పుడడుగుతన్నాను," అంది గున్నమ్మ. "సాచ్చికం ఇద్దరేట్రా, అరుగు నిండా ఉన్నారు. ఇయ్యి."

ఢిల్లీ కూర్మారావును చూశాడు. కూర్మారావు గోడను చూశాడు. పైవాళ్ళని అడిగి చెబుతానన్నాడు ఢిల్లీ. తవిటయ్య చెయ్యి నోట్ల వైపు సాగింది. గున్నమ్మ దానిమీద ఒక్కటి వేసింది.

"అది ముట్టుకున్నావంటే గుంట సెయ్యి అమ్మీసినట్టే."

కూతుర్ని తీసుకుని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత ఆడవాళ్ళు రోజూ అరుగెక్కి అడగడం మొదలుపెట్టారు. అందుకని ఢిల్లీ మిషనే పాడైందని చెప్పి, నన్ను సంచిలో వేసుకుని టౌన్‌లో బాగుచేసే కొట్లో పడేశాడు. నాకేమీ పాడవలేదు. ఇక్కడ బుట్టలో నాలాంటివి కుప్పగా ఉన్నాయి. ఏ ఊరినుంచి వచ్చినదాన్ని అడిగినా ఇదే కథ. పోతూ పోతూ ఢిల్లీ కొట్టువాడితో అన్నాడు: అరుగు మీద కొత్త మిషన్ తెచ్చి పెట్టాడట, పైనుంచి కబురు రాలేదట, గున్నమ్మ ఇల్లు గంజి మీద నడుస్తోందట, అయినా ముందుసొమ్ము ముట్టుకోలేదట. ఎన్నాళ్ళు ఉంటుందిలే అని నవ్వాడు.

కాబట్టి వినండి. నన్ను బాగుచెయ్యడం కాదు మీ పని. ఆ అరుగు మీద సాయం పంచడం ఆపి బడి దగ్గరికి మార్చండి. వేలు పడకపోతే సాక్షులతో ఇస్తామని వీధివీధినా చాటించండి. ఆ మాట దాచినవాణ్ణి పనిలోంచి తీసెయ్యండి. వీటన్నిటికంటే ముందు ఎవరో ఒకరు లేచి మెట్టవలస వెళ్ళండి. హేమ సొమ్ము హేమ చేతిలో పెట్టండి. రేపు, ఎల్లుండి అనొద్దు. ఆ పిల్ల మళ్ళీ సుత్తి పట్టకముందే పెట్టండి.