అభ్రకం పొర

ఎక్కడైనా పెచ్చు లేచి కనబడితే నా గోళ్లు ఊరుకోవు. ఆ పాడు అలవాటు ఒక మనిషి పనితనాన్ని మింగేసింది.

1994లో బందరులో డిగ్రీ చదివేదాన్ని. మా ఫిజిక్స్ ల్యాబు అటెండరు జీవరత్నం గారు. అభ్రకం ముక్కను నీళ్లలో నానబెట్టి, సూదిమొనతో పొరలు విడదీసి, ప్రయోగానికి పలక తయారుచేసేవారు. అభ్రకంలో వెలుగు ఒక దిక్కున ఒక వేగంతో, దానికి అడ్డంగా మరో వేగంతో వెళ్తుంది. పలక మందం సరిగ్గా కుదిరితే, దాని అవతల వెలుగును వడగట్టే పోలరాయిడ్ బిళ్లను ఎటు తిప్పినా వెలుగు తగ్గదు, పెరగదు. ఆయన పలకకు ఎప్పుడూ అంతే.

పరీక్షకు ముందురోజు ఆ పలక అంచున చిన్న పెచ్చు కనబడింది. గీకాను. ఉల్లిపొరలా ఒక పొర మొత్తం ఊడి వచ్చింది. దాన్ని నా రికార్డు పుస్తకంలో దాచి నోరు మూసుకున్నాను.

మర్నాడు పోలరాయిడ్ తిప్పుతుంటే వెలుగు తగ్గుతూ పెరుగుతూ వచ్చింది. అందరూ తికమకపడ్డారు. నేనొక్కదాన్నే ‘పలక మందం తక్కువగా ఉంది’ అని రాశాను. ఎగ్జామినర్ అందరి ముందూ మెచ్చుకున్నారు. జీవరత్నానికి చెయ్యి తప్పిందని ఆయన్ని సైకిల్ స్టాండుకు మార్చారు. సిగ్గులేకుండా ఆ స్టాండులోనే రోజూ సైకిల్ పెట్టాను.

పదేళ్లకు గుడివాడలో లెక్చరరునయ్యాను. మా ల్యాబుకు అలాంటి పలక కావాల్సి వచ్చింది. నేను చీల్చినవన్నీ పాడయ్యాయి. అభ్రకం ముక్క, సూది, కొలతల కోసం పాత రికార్డు పుస్తకం సంచిలో వేసుకుని, కోడూరులో ఆయన ఇంటికి వెళ్లాను. క్షమాపణకు కాదు, అవసరానికి.

"నావల్ల కాదు సరళమ్మా. నా చెయ్యి తప్పిందని మీరే గదా కనిపెట్టారు! ఆ తర్వాత సూది ముట్టుకోలేదండీ. ఎంత తెలివైన పిల్లో అని మావాళ్లందరికీ చెప్తుంటా" అన్నారు.

తల తీసేసినట్టయింది. రికార్డు తెరిచి, ఆ పొర ఆయన చేతిలో పెట్టాను.

"మీ చెయ్యి తప్పలేదండీ. నేనే పీకేశాను."

ఆయన దాన్ని కిటికీ దగ్గర చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"ఏమేవ్, విన్నావా!" అని వంటింట్లో ఉన్న భార్యను కేకేశారు. "నా చెయ్యి తప్పలేదంట!"

వెంటనే నా దగ్గర సూది అడిగి తీసుకున్నారు. అభ్రకం అంచుకు ఆనించబోతే వేళ్లు వణికి సూది జారిపోయింది.

"ఇప్పుడు వణుకుతోందిలెండి. అప్పుడు వణకలేదు" అన్నారు నవ్వుతూ.

ఆయన సంతోషం చూడలేక, సూది వెతికే నెపంతో తలవంచుకున్నాను.