మూడో చెరువు బొమ్మ ఆగిపోయిన రోజు

బాపిరాజుకి ఐ.పోలవరం దగ్గర నాలుగు చెరువులు ఉన్నాయి. మూడింటిలో రొయ్యలు పెంచుతాడు, నాలుగోది మందు కొట్టి శుభ్రం చేసిన నీళ్ళు నిల్వ ఉంచడానికి. రెండేళ్ళ క్రితం గట్ల మీద స్తంభాలు పాతించి నాలుగు కెమెరాలు పెట్టించాడు. అప్పటినుంచీ భోజనం చేస్తున్నా, పెళ్ళిలో కూర్చున్నా అతని చేతి ఫోన్‌లో చెరువులే. బొమ్మలో ఏదైనా తేడా కనిపిస్తే కాపలా ఉండే ఆదినారాయణకి ఫోన్ చేసేవాడు. నీళ్ళని చిలికి గాలి కలిపే మర ఒకటి కదలకపోతే, "పడమటి ఏరేటరు ఆగిందేంటి?" అనేవాడు.

అంతకుముందు చెరువుల సంగతి చూసింది అతని భార్య భవానీదేవి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి, నీళ్ళలో దించిన పళ్ళేలు పైకి తీసి, మేత ఎంత మిగిలిందో చూసి మర్నాటి లెక్క చెప్పేది. కెమెరాలు వచ్చాక కూడా పొద్దున వెళ్ళడం మానలేదు. ఆమెని అడిగేవాళ్ళు మాత్రం లేరు.

ఆ ఏడు రైతుల బృందమొకటి వియత్నాంలో రొయ్యల సాగు చూడటానికి ఐదు రోజులు బయల్దేరింది. బాపిరాజు పేరిచ్చాడు. వెళ్ళేముందు అమలాపురంలో ఫోన్ల దుకాణానికి వెళితే అక్కడ పనిచేసే క్రిస్టీనా రోమింగ్ ప్యాక్ గురించి చెప్పింది.

"రోజుకి ఒక జీబీ అండి. అదైపోతే నెట్టు ఆగిపోదు గానండి, స్పీడు బాగా పడిపోద్ది. మెసేజీలు వెళ్తాయి. వీడియోలు మాత్రం ఆశ పెట్టుకోకండి. మామూలు కాల్స్ కావాలంటే దానికి వేరే ప్యాకండి."

"కాల్స్ ఎందుకమ్మా, వాట్సాప్ ఉంది కదా," అన్నాడు బాపిరాజు.

మొదటి రెండు రోజులూ మధ్యాహ్నానికే జీబీ అయిపోయింది. సాయంత్రం హోటల్ వైఫై ఉండేది కాబట్టి అతను పెద్దగా పట్టించుకోలేదు.

మూడో రోజు పొద్దున హోటల్లో టిఫిన్ చేస్తుండగా భవానీదేవి వాట్సాప్‌లో మాట్లాడింది.

"ఏవండీ, మూడో చెరువు నీళ్ళు తేటగా తేలిపోయాయి. నిన్నటి రంగు లేదు. గట్టు వారన నురగ కూడా కడుతోంది."

"కెమెరాలో చూస్తూనే ఉన్నాను. బాగానే ఉంది. ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయి. మేత వేయించు."

"మబ్బుగా ఉందండి ఇక్కడ. ఎండ లేకపోతే నీళ్ళలో గాలి తగ్గుతుంది, మేత తిన్న రొయ్యకి అది చాలదు."

"మబ్బైతే ఏం? వేయించు."

తర్వాత బృందం బస్సెక్కి రెండు గంటల దూరంలో ఉన్న చెరువులకి వెళ్ళింది. దారంతా బాపిరాజు నాలుగు కెమెరాలూ తెరిచి పెట్టుకున్నాడు. చెరువుల దగ్గర దిగేసరికి ఆ రోజు హైస్పీడ్ డేటా అయిపోయిందని, ఇకపై వేగం తగ్గుతుందని మెసేజ్ వచ్చింది. అదనపు ప్యాక్ వేసుకోవచ్చని కూడా రాసి ఉంది. వేసుకుందామని యాప్ తెరిస్తే పేజీ సగం వచ్చి ఆగింది. ఓటీపీ వచ్చేసరికి దాని గడువు దాటిపోయింది. మూడుసార్లు అలాగే అయింది.

మళ్ళీ కెమెరా తెరిచాడు. మూడో చెరువు బొమ్మ ఒక్కటి వచ్చి నిలిచిపోయింది. గట్టు మీద భవానీదేవి. చెయ్యి సగం పైకెత్తి ఉంది. ఎవర్ని పిలుస్తోందో, ఏం చూపిస్తోందో తెలియలేదు. బొమ్మ మధ్యలో చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

కాసేపటికి భవానీదేవి నుంచి మెసేజ్ వచ్చింది. "రొయ్య పైకి తేలుతోంది. మేత వేయించలేదు."

రొయ్య అడుగున ఉండాలి. ఊపిరాడకపోతేనే పైకొస్తుంది. "ఫొటో పెట్టు" అని రాశాడు. ఫొటో వచ్చింది, కానీ మసక మసగ్గా ఆకుపచ్చ మరకలా ఉండిపోయింది.

"మొదటి చెరువులోవి చిన్న రొయ్యలే కదా. అక్కడి ఏరేటర్లు రెండు ఇటు తెప్పిస్తున్నాను. నాలుగో చెరువు నీళ్ళు పెడతాను," అని ఇంకో మెసేజ్.

నీళ్ళు ఒక్కసారిగా మారితే రొయ్యకి దెబ్బ తగులుతుందని అతని భయం. "నీళ్ళు కదపొద్దు. నేను చూసేదాకా ఆగు," అని పంపాడు. ఆమె చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

పక్కన, బృందంతో వచ్చిన శ్యామ్ బాబు ఉన్నాడు. ముమ్మిడివరంలో నీటి పరీక్షల ల్యాబు నడుపుతాడు. వాట్సాప్ కాల్ చేద్దామని బాపిరాజు అతని ఫోన్ అడిగాడు.

"నాది హోటల్ వైఫై మీదేనండి. ప్యాకేమీ వేయించలేదు. ఏమైందండి?"

బాపిరాజు చెప్పాడు. శ్యామ్ బాబు, "నీళ్ళు తేలిపోయాయని ఆవిడ పొద్దున్నే చెప్పేరాండి?" అన్నాడు.

"చెప్పింది."

"మరి చెరువు ఎదురుగా ఉన్నది ఆవిడే కదండీ. మీరూ నేనూ ఇక్కడ ఉన్నాం."

బాపిరాజు ఇంకోసారి కెమెరా తెరిచాడు, చక్రం తిరుగుతూనే ఉంది. వియత్నాం రైతు ఏదో చెబుతుంటే మిగతావాళ్ళు చుట్టూ చేరి వింటున్నారు. చివరికి, "నీకు ఎలా తోస్తే అలా చెయ్యి," అని రాశాడు. గడియారం గుర్తు పడింది గానీ మెసేజ్ కదల్లేదు. బస్సు దగ్గరికి తిరిగి వచ్చి గైడ్ ఫోన్‌లోంచి నెట్టు తీసుకున్నాక అది వెళ్ళింది. అప్పటికి గంటన్నర దాటింది.

ఆ వెంటనే ఆదినారాయణ ఫోన్‌లో దొరికాడు. "ఆయ్, నీళ్ళు పెట్టేసేమండి. తొందరగా కాదండి, సన్నగా వదిలించేరు అమ్మగారు. పైనున్నవి కిందికి దిగుతున్నాయండి. అడుగున రెండు బుట్టలు చచ్చేయండి."

"రెండు బుట్టలేనా?"

"ఆయ్. పొద్దున మేత పడుంటే ఒక్కటీ మిగిలేది కాదండి."

బాపిరాజు ఫోన్ పెట్టేసి బస్సు మెట్టు మీద కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడం శ్యామ్ బాబు చూసి అటు తిరిగాడు.

ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం భార్యతో గట్టు మీదికి వెళ్ళాడు. ఇద్దరూ మూడో చెరువు దగ్గర ఆగారు.

"ఆగమన్న నా మెసేజ్ చూశావా?"

"చూశానండి."

"చూసి?"

"ఫోను గట్టు మీద పెట్టి నీళ్ళల్లోకి దిగాను."

"రొయ్యంతా పోయుంటే?"

"పోయుంటే మీరు అనేవారు, నేను పడేదాన్ని. ఆగినా పోయేదేగా అండి."

అతను వంగి దోసిట్లో నీళ్ళు తీసుకున్నాడు. రంగు ఎలా చూడాలో, వాసన ఎలా పట్టాలో అడిగాడు. ఆమె చెప్పింది. అతనికి ఒకసారికి అర్థం కాలేదు, మళ్ళీ అడిగాడు.

ఆ తర్వాత పంతొమ్మిదో రోజున మూడో చెరువులో రొయ్య పట్టుబడి జరిగింది. సరుకు అనుకున్నదానికన్నా కొంచెం తక్కువే వచ్చింది. చెరువు ఎండబెట్టి మళ్ళీ నీళ్ళు పెట్టాక, తర్వాతి పంటకి అందులో రొయ్య పిల్లల్ని తగ్గించి వేయాలని భవానీదేవి అంది. బాపిరాజు ఒప్పుకోలేదు. రెండు రోజులు వాదించుకున్నారు. మూడో రోజు పిల్లల బండి వచ్చినప్పుడు ఆదినారాయణ ఎన్ని దింపమంటారని బాపిరాజుని అడిగాడు.

"అమ్మగారిని అడుగు," అన్నాడు బాపిరాజు.