బియ్యం ఓడకి పూలదండ

మితారోకి పడవ నడపడం వచ్చు, మాట్లాడడం అంతకన్నా బాగా వచ్చు. నీళ్ళలో మునగడం మాత్రం రాదు. పసిఫిక్ సముద్రంలోని చూక్ మడుగులో పుట్టి, ఉమన్ దీవి పిల్లను చేసుకుని అత్తవారింట స్థిరపడిన మనిషికి ఇది చెప్పుకోదగ్గ సంగతి కాదు కనక, అతను ఎవరికీ చెప్పుకోలేదు.

యుద్ధకాలంలో మునిగిన ఓడలు చూడడానికి విదేశీయులు వచ్చేవారు. వాళ్ళను వెనో దీవి రేవులో ఎక్కించుకుని ఓడ ఉన్న చోటికి చేర్చడం మితారో పని. వాళ్ళతో కిందికి దిగడం సించిరో పని. సించిరోది పక్కనున్న ఫెఫన్ దీవి, మితారోకి చిన్నప్పటి స్నేహితుడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పది మాటలకు మించి మాట్లాడడు. అందువల్ల కథలు చెప్పే బాధ్యత కూడా మితారోదే అయింది. అన్నిటికన్నా ఎక్కువగా అతను చెప్పేది, జపాను సైన్యానికి బియ్యం మోస్తూ మునిగిన బియ్యం ఓడ కథ. ఇంజను గదిలో ఒక జపాను ఇంజనీరు దయ్యమై ఇప్పటికీ తన సుత్తి వెతుక్కుంటున్నాడనీ, తాను కిందికి దిగినప్పుడల్లా ఠంగు ఠంగుమని చప్పుడు వినిపిస్తుందనీ చెప్పేవాడు. ఆ సుత్తి చప్పుడు నోటితో చేసి చూపించేవాడు కూడా.

ఒకరోజు అత్తగారు సినాకో వెనోలో కిరసనాయిలు, బియ్యం కొనుక్కుని అదే పడవలో తిరిగొస్తోంది. పక్కన కూతురు రితీనా ఉంది. మితారో ఇద్దరు విదేశీయులకు సుత్తి కథ చెప్పడం ముగించాక, ఆవిడ తీరిగ్గా అడిగింది.

"ఏం చెప్పావు వాళ్ళకి?"

"బియ్యం ఓడ దయ్యం గురించి అత్తా. జపాను వాడు."

"మా అన్న గురించి చెప్పలేదా?"

 రితీనా తల్లి వైపు తిరిగింది. యుద్ధంలో ఒక మేనమామ పోయాడని తెలుసు గాని ఎక్కడో, ఎలాగో ఆమెకీ తెలియదు.

"అనిసెర్," అంది సినాకో. "జపాను వాళ్ళు మూటలు మొయ్యడానికి పట్టుకెళ్ళారు. అమెరికా విమానాలు వచ్చి బాంబులు వేసిన రోజున అందులోనే ఉన్నాడు. మేం కొండ గుహలోంచి చూశాం."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే అమ్మా?"

"మీరడిగారా?" అని, ఆవిడ అల్లుడి వైపు చూసింది. "ఆ ఓడ మీద ఒక పూలదండ పెట్టించాలని ఎప్పటినుంచో ఉంది."

అక్కడ ఊరుకుని ఉంటే కథ లేదు. కాని మితారో గుండె మీద చెయ్యి వేసుకుని, "పెట్టించడమేమిటి అత్తా? నేనే దిగి నా చేత్తో పెడతాను. రోజూ వెళ్ళే చోటే కదా!" అన్నాడు.

రితీనా చటుక్కున తల వంచుకుని కిరసనాయిలు డబ్బా మూత బిగించసాగింది. ఆ మూత అప్పటికే బిగించి ఉంది.

మర్నాడు మితారో సించిరో కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు.

"నన్ను ముంచరా."

"ఎందుకు?"

"అత్తకి మాటిచ్చాను."

సించిరో చాలాసేపు నవ్వాడు. అతని జీవితంలో అదే పెద్ద ప్రసంగం. తర్వాత కొన్ని వారాలపాటు వీపుకి గాలి సిలిండరు కట్టి, దాని గొట్టం నోట్లో పెట్టి, రేవు పక్క లోతు తక్కువ నీళ్ళలో నేర్పించాడు. ఒళ్ళు తేలికగా ఉండి మునగని వాళ్ళకి నడుముకి సీసం కడతారు. మితారోకి ఎంత కట్టినా పొట్ట పైకి తేలేది. "దీనికి బతకాలని ఉందిరా, నాకే బుద్ధి లేదు," అనేవాడు అతను, ఆ పొట్టను నిమురుకుంటూ.

ఆ రోజు రానే వచ్చింది. సినాకో దేవగన్నేరు పూలు, ఫెర్న్ ఆకులు కలిపి స్వయంగా దండ అల్లింది. దాన్ని అల్లుడి తల మీద పెట్టి, పడవ మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పూలు తేలిపోతాయన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. మితారో రెండుసార్లు మునిగాడు, రెండుసార్లూ దండ పైనే ఉండిపోయింది. చివరికి సించిరో గాలపు తీగతో దాన్ని అతని గడ్డం కింద ముడివేశాడు. చంటిపిల్లకి టోపీ కట్టినట్టుంది.

కింద అంతా పచ్చగా, మెత్తగా ఉంది. ఓడ పక్కకి ఒరగకుండా నిటారుగా కూర్చుని ఉంది. పగడాలు దాన్ని గుర్తు తెలియకుండా కప్పేశాయి. ఇంతేనా అనుకున్నాడు మితారో. ధైర్యం వచ్చింది. వచ్చిన ధైర్యాన్ని దాచుకోవడం చేతకాక, సించిరో చెయ్యి ఊపి వారిస్తున్నా వినకుండా, తలుపు ఊడిపోయిన ఒక గదిలోకి తల దూర్చి పైకి చూశాడు.

పైకప్పు దగ్గర ఒక మనిషి తలకిందులుగా వేలాడుతున్నాడు. ఉబ్బిన బుగ్గలు, గుండ్రటి కళ్ళు, తల చుట్టూ తెల్లటి పూలు.

ఎందరో ఈతగాళ్ళు వదిలిన గాలి అక్కడ చిక్కుకుని అద్దంలా నిలిచిందనీ, అందులో కనిపించింది తన మొహమేననీ మితారోకి తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం తెలిసింది ఒక్కటే, పైకి పోవాలి. ఈత కోసం ఎడమ కాలికి తొడిగిన రబ్బరు తెడ్డు ఎక్కడో ఊడిపోయింది. ఒక్కసారిగా పైకి పోతే ప్రాణానికే ముప్పు కనక సించిరో వెంటపడి అతని రెండో కాలు పట్టుకున్నాడు. ఆ కాలు వదలకుండా, తన్నులు తింటూ, మెల్లమెల్లగా పైకి తెచ్చాడు.

మితారో పడవ అంచు పట్టుకుని దగ్గుతుంటే సినాకో వంగి చూసింది. దండ అతని తల మీదే ఉంది, ఒక్క పువ్వు రాలలేదు.

"ఏం?" అంది ఆవిడ. "మా అన్న వద్దన్నాడా?"

రితీనా ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. సించిరో కూడా నీళ్ళలోనే నవ్వుతున్నాడు. మితారో ఏదో సర్దిచెప్పబోయాడు. "అత్తా, ఇవాళ ప్రవాహం..."

"ఊరుకో. రోజూ మునిగేవాడు సాయంత్రం పొడి జుట్టుతో ఇంటికి రాడు. నాకు మొదటినుంచీ తెలుసు."

"మరి నన్నెందుకు దింపావు?"

"నేనా? పూలు పెట్టించాలన్నాను. దిగుతానన్నది నువ్వు." ఆవిడ మొహంలో నవ్వు ఆగి, మరేదో వచ్చింది. "మా అన్నా ఇలాంటివాడే. ఓడ ఎక్కనని ముందురోజు సీమపనస చెట్టెక్కి కూర్చున్నాడు. కనబడకుండా ఉన్నవాడు నోరు మూసుకోవచ్చుగా? కొమ్మల్లోంచే పాడాడు. ఆ పాట విని దింపి తీసుకుపోయారు."

మితారో గడ్డం కింద దండ ముడి బిగించుకున్నాడు.  తర్వాత నోటిగొట్టం మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. భయం తగ్గలేదు. సించిరో చెయ్యి అందించాడు. కాలి తెడ్డు ఒక్కటే ఉన్నవాడు అవిటి తాబేలులా ఈదుకుంటూ మళ్ళీ దిగాడు.

ఈసారి గదుల జోలికి పోలేదు. మూటలెత్తే గిలకలున్న చోట, ఒక ఇనుప స్తంభానికి గాలపు తీగతో దండ గట్టిగా కట్టాడు. ఏదైనా అనాలనిపించింది. నోటి నిండా గొట్టం ఉంది. పుట్టి బుద్ధెరిగాక అతను మాట లేకుండా ఒక మనిషి ముందు నిలబడడం అదే మొదటిసారి. చిన్న చేపలు వచ్చి పూలను రుచి చూసి, నచ్చక వెళ్ళిపోయాయి.

పైకి వచ్చాక రితీనా ఆకు పొట్లం విప్పి, దంచిన సీమపనస ముద్ద, కాల్చిన చేప అందరికీ పెట్టింది. తిరుగుదారిలో మితారో చెవుల నిండా నీళ్ళే. సినాకో ముందు కూర్చుని ఏదో చెబుతోంది, పెదాలు ఆడుతున్నాయి గాని మోటారు హోరులో అతనికి ఒక్క ముక్కా అందడం లేదు.

"ఏమంటోంది?" అని భార్యను అడిగాడు.

"మామయ్య గురించి!" అని ఆమె చెవిలో అరిచింది. "ఎడంచేతి వాటమట! అమ్మకి ఈత నేర్పింది ఆయనేనట!"

మితారో మోటారు ఆపేశాడు. పడవ తనంతట తాను తేలుతూ సాగింది. అతను ముందుకి జరిగి, అత్తగారి మోకాళ్ళ దగ్గర కూర్చుని, కాస్త బాగా వినిపించే చెవి ఆవిడ వైపు తిప్పాడు.

"మొదటినుంచీ చెప్పు అత్తా," అన్నాడు.