‘లేదు’ అని రాయం

సముద్రంలో కాకిరెట్ట అంటారే, దాన్ని వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. ఒంట్లో హార్మోన్లను తారుమారు చేసే రసాయనాలు నీళ్ళలో అంతకన్నా తక్కువే ఉంటాయి. ప్లాస్టిక్ తగిలితే చాలు, దానిలోని రసాయనమే నీళ్ళలో కలిసి లెక్క తప్పుతుంది. అందుకే మా ల్యాబులో అన్నీ గాజు సీసాలే. చేతికి క్రీము రాసుకొచ్చినవాళ్ళను నేను గుమ్మం తొక్కనివ్వను. పరీక్షలో ఏమీ దొరక్కపోతే ‘లేదు’ అని రాయం, ‘కనబడలేదు’ అని రాస్తాం. మా యంత్రానికి కళ్ళు ఆనకపోయి ఉండొచ్చు కదా.

మా చెల్లికి మూడుసార్లు కడుపు నిలవలేదు. ఎందుకో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. "నా ఒళ్ళే మంచిది కాదక్కా," అని తనను తానే తిట్టుకునేది. వాళ్ళింటి బోరు పక్కనే ప్లాస్టిక్ కరిగించే ఫ్యాక్టరీ ఉంది. ఆ బోరు పూడ్చేస్తున్నారని తెలిసి గాజు సీసా పంపించాను. ఆఖరి నీళ్ళు ఇందులోనే పట్టి తెమ్మన్నాను.

తెచ్చింది. నీళ్ళను వడగట్టి, సన్నటి గొట్టంలోని పొడి గుండా బొట్టుబొట్టుగా దించాను. పొడికి అంటుకున్నదాన్ని కరిగించి యంత్రానికిచ్చాను. తెర మీద గీత నిటారుగా లేచింది. ఇదే కారణమని సైన్సు అంత తొందరగా ఒప్పుకోదు. అక్కగా నేను ఒప్పేసుకుని ఫోన్ చేశాను.

"నీళ్ళల్లో ఉందే. తప్పు నీ ఒంటిది కాదు."

అవతల చాలాసేపు ఏడుపు. తర్వాత ముక్కు చీదుకుని అంది:

"ఇంక నన్ను నేను తిట్టుకోనక్కా. నీ సీసా పగిలితే చంపేస్తావని ఎంత భయపడ్డానో. బస్సు కుదుపులకి ఆగదని, నీళ్ళు కూల్‌డ్రింకు బాటిల్లో తెచ్చి, మీ గేటు దగ్గర గాజుదాంట్లో పోశా. చుక్క కూడా ఒలకలేదు తెలుసా."

ఎండలో బస్సు, ఒళ్ళో ప్లాస్టిక్ బాటిలు. ఆ గీత బోరుదో బాటిలుదో ఇక ఎవరూ తేల్చలేరు. బోరు సిమెంటు కింద ఉంది.

"ఏంటక్కా, పలకవు? ఏమన్నా తేడా ఉందా?"

"లేదే," అన్నాను. "ఏమీ లేదు. నువ్వు హాయిగా పడుకో."

ఫోను పెట్టేసి, ఆ శాంపిల్ చెల్లదని కొట్టేశాను. సీసా కడుగుతూ ఏడ్చాను.