పర్ర నేలలో చిరివేరు

"పులిహోర కొంచెం ఎక్కువ కలుపు. పెద్దిరాజు గారు మనుషులతో వస్తున్నారు. ఎటూ వస్తున్నావు కాబట్టి నువ్వు కూడా పొలం చూసినట్టుంటుంది" అన్నాడు ప్రేమ్ కుమార్, అద్దంలో మీసం దువ్వుకుంటూ.

చింతపండు పిసుకుతున్న కనకదుర్గ చెయ్యి ఆగలేదు కానీ వేళ్ళు బిగుసుకున్నాయి. ఆ పొలం ఆవిడ పేరు మీదే ఉంది. పెడనలో కలంకారీ బట్టల షాపు నడిపి ఆవిడ కూడబెట్టిన దానితో, అవనిగడ్డ దాటాక సముద్రం వైపు కొన్న ఇసుక పర్ర, పంట వెయ్యని బీడు నేల. పాత వ్యాపారంలో భర్త ఎగ్గొట్టిన అప్పులవాళ్ళు మీద పడతారన్న భయంతో రిజిస్ట్రేషన్ ఆవిడ పేర చేయించారు. సంతకం పెట్టమన్న చోట పెట్టింది. నేల ఎలా ఉంటుందో ఎవరూ చూపించలేదు. గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి గంజి ఎంతో, నూలు ఎంతో చెప్పగల మనిషి. సరుకు చూడకుండా ఒప్పుకున్న బేరాలు ఆవిడ జీవితంలో రెండే. ఒకటి పెళ్ళి, రెండోది ఈ పొలం. ఇప్పుడు సొంత నేల మీద మొదటిసారి కాలు పెట్టబోతోంది, అదీ క్యారేజీ మోసుకుంటూ.

పెద్దిరాజుది గుడివాడ వైపు. నేలలు లీజుకి తీసుకుని రొయ్యల చెరువులు తవ్విస్తాడు. పొలంలో తుమ్మచెట్టు కింద తన మనుషులతో కూర్చుని తిన్నాడు.

"పులిహోర అదిరింది చెల్లెమ్మా!"

"వంట మాత్రం మా ఆవిడే చెయ్యాలండీ" అన్నాడు ప్రేమ్ కుమార్. "వ్యాపారం అంటారా, ఆ తలనొప్పులన్నీ నావే. ఈవిడ ఇంట్లో కూర్చుని అద్దకం పని చూస్తుంది, అంతే."

అంతే! పొద్దున్నే షాపు తాళం తీసేది ఎవరు? బందరు నుంచి, బెజవాడ నుంచి వచ్చిన పార్టీలతో గొంతు పోయేదాకా బేరమాడేది ఎవరు? సాయంత్రం వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చోవడం ఈయన పని. అత్తగారు చిలకమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "మావాడి తెలివితేటలండీ" అని చెప్పుకుంటుంది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కనకదుర్గ లోపల ఏదో మాడిన వాసన. ఇన్నేళ్ళూ దాన్ని మూతపెట్టి దాచింది.

మగవాళ్ళు చేతులు కడుక్కుని, గట్టు పక్కన నిలబడి పని కానిచ్చుకుని, జిప్పులు లాక్కుంటూ వచ్చి కూర్చున్నారు. ఆవిడ పెడనలో కారెక్కింది మొదలు ఉగ్గబట్టుకునే ఉంది. ఆడమనిషికి ఒక చాటు కావాలన్న ఆలోచన వాళ్ళలో ఒక్కడికైనా వస్తే కదా. దూరాన ఒక మొగలి పొద కనిపించింది. అటు నడిచింది.

పొద వెనక పని ముగించుకుని లేచేసరికి, ఆవిడ ఎన్నడూ చూడని లోకం ఒకటి ఎదురుగా ఉంది. మేక డెక్కల్లాంటి ఆకుల తీగ ఇసుకంతా పరుచుకుని ఊదారంగు పూలు పూసింది. ఇసుక గట్టుకి తొలిచిన బొరియల్లోంచి ఆకుపచ్చ పిట్టలు దూసుకొచ్చి, కందిరీగల్ని గాల్లోనే పట్టుకుంటున్నాయి. మడుగు ఒడ్డున తడి మట్టిలో పిల్లి అడుగులు. ఇంటిపిల్లివి కావు, అరచెయ్యంత ఉన్నాయి. చేపల కోసం వచ్చే బావురుపిల్లివి అయ్యుంటాయి. ఎవరూ నాటలేదు, నీళ్ళు పొయ్యలేదు, మెచ్చుకోనూ లేదు. అయినా ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్నారు. కనకదుర్గకి వాళ్ళంతా తన కులం వాళ్ళే అనిపించింది.

అప్పుడు కాళ్ళ దగ్గర కనపడింది ఒక మొక్క. సన్నటి ఆకులు, ఆవగింజంత తెల్ల పూలు. పిన్నీసుతో ఇసుక తోడింది. వేరు పొడుగ్గా, నారింజ రంగులో వచ్చింది. గబగబా చెట్టు దగ్గరికి వచ్చింది.

"పెద్దిరాజు గారూ, మీ సున్నం డబ్బీ ఒకసారి ఇస్తారా?"

"చెల్లెమ్మకి పొగాకు అలవాటుందా ఏంటి?" అందరూ నవ్వారు. ప్రేమ్ కుమార్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

వేరు బెరడు అరచేతిలో నలిపి, సున్నం రాసి, నీటిచుక్క వేసింది. అరచెయ్యి ఎర్రబడింది. చిరివేరు! పూర్వం కలంకారీ ఎరుపంతా దీనిదే. బజారు పాకెట్ రంగు ఎరుపు కంటిని కొడుతుందే, చిరివేరు ఎరుపు కంటికి ఆనుతుందే అనేవాడు అద్దకం చేసిన వాళ్ళ నాన్న. షాపుకొచ్చే పార్టీలు అడిగీ అడిగీ విసిగిపోయిన రంగు ఇదే. ఇంత దూరాన, తన పేరు మీదున్న ఇసుకలో, తనకి చెప్పకుండా మొలుస్తోంది.

"ఆ పిచ్చి మొక్కలతో పనేంటి? ఇదిగో, లీజు కాయితాలు. సంతకం పెట్టు" అన్నాడు ప్రేమ్ కుమార్.

"రేపే జేసీబీ దింపుతానమ్మా. ఉప్పునీళ్ళు ఎక్కించామంటే గడ్డిపోచ కూడా మిగలదు" అన్నాడు పెద్దిరాజు ధైర్యం చెబుతున్నట్టు.

కనకదుర్గ పెన్ను అందుకోలేదు. "అందుకే పెట్టను. ఉప్పు తాగిన నేల మళ్ళీ మొలిపించదు. మీరు వేరే నేల చూసుకోండి పెద్దిరాజు గారూ."

"దుర్గా! పదిమందిలో నా పరువు తీస్తావా? నీ పేరు పెట్టించింది ఎవరే?"

"మీరే. అప్పులవాళ్ళ నుంచి దాక్కోడానికి నా పేరు అక్కరకొచ్చింది. ఆ పేరు వెనక మనిషి ఉందని మర్చిపోయారు."

పెద్దిరాజు కాయితాలు మడుచుకుని, "మీరు మీరు మాట్లాడుకోండి సార్" అంటూ మనుషుల్ని లేపాడు.

"ఇంటికి రా, నీ సంగతి చెప్తా" అని ప్రేమ్ కుమార్ కారు వైపు ఇసుకకి అడ్డంపడి విసవిసా నడిచాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో, తీతువు పిట్ట ఒకటి నేలమీంచి లేచి ఆయన తలమీదికి కేకలేస్తూ దూకింది. ఆయన చేతులు అడ్డుపెట్టుకుని వెనక్కి తగ్గాడు. కనకదుర్గ చూసింది. ఆయన బూటుకి జానెడు ముందు, వట్టి ఇసుకలో, మట్టిరంగు మచ్చల గుడ్లు.

"ఆగండక్కడ!" అంది.

ఆగాడు.

"గుడ్లున్నాయి. చుట్టూ తిరిగి వెళ్ళండి. నా పొలంలో ఇకనుంచి చూసి నడవండి."

పెద్దిరాజు మనుషులు చూస్తుండగా, ప్రేమ్ కుమార్ తలొంచుకుని చుట్టూ తిరిగి వెళ్ళాడు.